కొత్త టీవీ మాట తర్వాత, ముందు ఆ రిమోట్ ఇలా ఇవ్వు

కూర్చో తల్లీ, టీ తాగుతూ మాట్లాడుకుందాం. మొహం అలా ఎందుకు పెట్టుకున్నావో నాకు తెలుసులే. జీతంలోంచి నెలనెలా కాస్త కాస్త దాచుకుని, ఇంట్లో అందరినీ ఒప్పించి కొనుక్కున్న ప్లేస్టేషన్. యూట్యూబ్‌లో ఆ ఆట చూసినప్పుడు చెట్టు మీద ఆకు ఆకూ కనిపించింది. తీరా మన హాల్లో టీవీకి తగిలించేసరికి బొమ్మ ఎక్కడో తేడా కొడుతోంది. చీకటి గదిలోకి వెళ్తే ఏమీ కనపడదు, ఎండలోకి వస్తే అంతా పాలిపోతుంది, మూలనున్న స్కోరు సగం తెగిపోతుంది. పైగా "ఇంత డబ్బు పోసి కొన్నది దీనికేనా" అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఆడుకుంటున్నామన్న సంతోషం కంటే మనకి ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అవునా, కాదా?

ఆ కంగారులోనే కదూ, రాత్రి ఫోన్‌లో కొత్త టీవీల ధరలు చూస్తూ కూర్చున్నావు? ఆ పని ఇప్పుడే వద్దు. చాలా ఇళ్లలో లోపం టీవీదీ కాదు, కన్సోల్‌దీ కాదు. కన్సోల్ పంపేది టీవీ సరిగ్గా అందుకోవడం లేదు, అంతే. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా సర్దుకునే వ్యవహారం. ఆ సాయంత్రం ఇవాళే అనుకుందాం.

నీ మనసులో ఇంకో భయం కూడా ఉంది. టీవీ నీ ఒక్కదానిదే కాదు. సాయంత్రం అత్తయ్యగారి సీరియల్, ఆ తర్వాత మావయ్యగారి వార్తలు, ఆదివారం వస్తే అందరికీ క్రికెట్. మనం ఏదో మార్చేస్తే వాళ్ల బొమ్మ పాడవుతుందేమో, టీవీని కెలికేసిందంటారేమో అని. ఆ దిగులు వదిలెయ్. ఇప్పటి టీవీల్లో చాలామటుకు ఏ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టిన సెట్టింగులు ఆ పోర్టుకే ఉంటాయి. సెట్ టాప్ బాక్సు ఒకటో పోర్టులో, కన్సోల్ రెండో పోర్టులో ఉంటే దేని దారి దానిదే. 'అప్లై టు ఆల్ ఇన్‌పుట్స్' అని కనిపిస్తే మాత్రం దాని జోలికి పోకు. శాంసంగ్ టీవీ అయితే 'కరెంట్ సోర్స్' అని ఉంచు. మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి వెళ్లొచ్చు. ఇంక భయమెందుకు?

పద, ముందు టీవీ వెనక్కి. టీవీ, కన్సోల్ రెండూ ఆఫ్ చేసి చూడు, ఏ కేబుల్ తగిలించి ఉందో. నీది కొత్త ప్లేస్టేషన్ అయితే హెచ్‌డీఎంఐ తప్ప వేరే దారి లేదు. కానీ తమ్ముడు వాడి వదిలేసిన ప్లేస్టేషన్ 3 లాంటిదైతే అందులో పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరు ఉండే ఉంటుంది. 2006లో వచ్చిన ఆ యంత్రం 1080పి బొమ్మ ఇవ్వగలదు, అయినా పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టకుండా ఆ మూడు పిన్నుల వైరే ఇచ్చారు. ఆ పసుపు పిన్ను ఒక్కటే వెలుగునీ రంగునీ కలగలిపి మోసుకెళ్లాలి. అందుకే ఎర్ర జెర్సీ వేసుకున్న ఆటగాడి భుజం పక్కన ఆ ఎరుపు బయటికి కారినట్టు ఉంటుంది. తెరకి దగ్గరగా వెళ్లి చూడు, చిన్న అక్షరాల అంచుల వెంబడి సన్నటి చుక్కలు పాకుతూ ఉంటాయి. అది టీవీ రోగం కాదు, ఆ వైరు తీరే అంత. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెచ్చి తగిలించు. తగిలించాక తెర నల్లగా ఉండిపోతే బెదిరిపోకు. కన్సోల్ ఇంకా పాత వైరు వైపే బొమ్మ పంపుతోందన్నమాట. ఆపి ఉన్నప్పుడు పవర్ బటన్ మీద వేలు తియ్యకుండా రెండో బీప్ వినపడేదాకా నొక్కి పట్టుకో, కొత్త దారి అదే వెతుక్కుంటుంది.

కేబుల్ కొనడానికి వెళ్లినప్పుడు షాపతను బంగారు పూత వేసిన ఖరీదైన వైరు చూపించి, దీంతో రంగులు మెరుగవుతాయి అంటాడు. నవ్వి ఊరుకో. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. సరిగ్గా అందితే ఏ వైరులోనైనా బొమ్మ ఒకటే. అందకపోతే తెర మీద మిణుకు మిణుకుమని చుక్కలొస్తాయి, లేదా ఉండుండి నల్లగా ఆరిపోతుంది. రంగు కాస్త బాగుండడం, కాస్త బాగోకపోవడం అనేదే అందులో లేదు. పీఎస్5 పెట్టెలో వచ్చిన కేబుల్ దానికి కావలసినదే, ఇంట్లో దొరికిన పాత వైరు వాడి దాన్ని అటకెక్కించకు. వేరేది కొనాల్సి వస్తే 'అల్ట్రా హై స్పీడ్' అని రాసి ఉన్నది, అవసరమైనంత పొడవే తీసుకో. పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్‌కి కష్టం.

అక్కడే ఉన్నావు కాబట్టి పోర్టుల మీద ఏం రాసి ఉందో కూడా చదువు. 4కె 120 హెర్ట్జ్ బొమ్మ, అంటే సెకనుకి 120 ఫ్రేములు, తీసుకునే టీవీల్లో కూడా చాలావాటిలో అన్ని పోర్టులూ ఆ పని చెయ్యవు. ఒకటో రెండో ఉంటాయి, వాటి మీద రాసి ఉంటుంది. మధ్యలో సౌండ్ బార్ ఉందా? కన్సోల్‌ని దాని గుండా కాకుండా నేరుగా టీవీకే ఇవ్వు. టీవీ నుంచి సౌండ్ బార్‌కి ఈఆర్క్ పోర్టు ద్వారా శబ్దం వెళ్తుంది. మీ టీవీ 2018 ప్రాంతంలో కొన్నదైతే 120 కోసం వెతుక్కుని బాధపడొద్దు. ఆ సామర్థ్యం తెచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం వెలువడిందే 2017 చివర్లో, ఇళ్లలోకి రావడానికి ఇంకా టైం పట్టింది. 4కెలో 60 ఫ్రేములు హాయిగా వస్తాయి, ఆ ఆనందానికేం తక్కువ కాదు.

ఇప్పుడు ముందుకొచ్చి కూర్చో. చాలామంది చూసుకోని చిన్న మీట ఒకటుంది. టీవీలో ప్రతి పోర్టుకీ పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగు విడిగా ఉంటుంది. ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్', శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', పాతవాటిలో 'యూహెచ్‌డీ కలర్'. పాత డీవీడీ ప్లేయర్లకి ఇబ్బంది కాకూడదని చాలా టీవీల్లో ఇది ఆపే ఉంచి పంపిస్తారు. మనకి తెలియక, వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ టీవీ కొన్నాం కదా ఎందుకు రావట్లేదని తల పట్టుకుంటాం. కన్సోల్ ఉన్న పోర్టుకి అది ఆన్ చెయ్యి. తర్వాత పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, అందులో వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ చూడు. 3840 ఇంటూ 2160 అని ఉంటే 4కె వెళ్తున్నట్టు. అంటే తెర మీద ఎనభై రెండు లక్షల పైచిలుకు చుక్కలు. 1080పిలో అవి ఇరవై లక్షల పైచిలుకే. ఎక్స్‌బాక్స్ అయితే '4కె టీవీ డిటెయిల్స్' అనే పేజీలో ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో వరసగా టిక్కులు పెట్టి చూపిస్తుంది.

మీది ముప్ఫై రెండు అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీనా? చిన్నబుచ్చుకోకు. మన వైపు ఎన్ని ఇళ్లలో అదే ఉందో! అందులో తెర సాధారణంగా 1366 ఇంటూ 768. కన్సోల్ పంపేది 720పి అయినా, 1080పి అయినా ఆ లెక్కకి సరిపోదు, టీవీయే సాగదీసో కుదించో చూపించాలి. రెండూ పెట్టి చూడు. అక్షరాలు ఎందులో తేటగా ఉంటే అది ఉంచెయ్. చాలాసార్లు 1080పి పంపిస్తేనే మెరుగ్గా కనపడుతుంది.

సరే, అసలు విషయానికొద్దాం. షాపులో టీవీ పక్క టీవీని ఓడించడానికి నిలబడి ఉంటుంది. నెత్తిన బారులు తీరిన తెల్ల లైట్లు, వాటి కింద కళ్లకి కొట్టాలని 'వివిడ్' అనో 'డైనమిక్' అనో మోడ్ పెట్టి, కాంతి నిండా పెంచి, నీలం ఎక్కించి ఉంచుతారు. చీరల కొట్టులో లైట్ల కింద మెరిసే రంగుని నమ్మకుండా, చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూసుకుంటాం కదా మనం, టీవీ దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో! ఆ మోడ్‌లోనే ఇంటికి తెచ్చుకుని, మైదానం చిలకపచ్చగా, మనుషులు నీరసంగా నీలంగా కనపడుతుంటే ఆటని తిట్టుకుంటాం. వివిడ్ తీసెయ్. కలర్ టెంపరేచర్ అనో కలర్ టోన్ అనో ఉన్నచోట 'వార్మ్' పెట్టు. మొదటి రోజు పసుపు పూసినట్టు అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. రెండు రోజులు ఓపిక పట్టు. సినిమాలకీ ఆటలకీ రంగులు దిద్దేవాళ్లు 6500 కెల్విన్ తెలుపుని ప్రమాణంగా పెట్టుకుంటారు, వార్మ్ దానికి దగ్గర. కళ్లు అలవాటు పడ్డాక మళ్లీ వివిడ్ పెట్టి చూస్తే నీకే అంత నీలం భరించలేననిపిస్తుంది.

తర్వాత షార్ప్‌నెస్. నాకు కోపం తెప్పించే సెట్టింగు ఇదే. పేరు చూసి మనమంతా మోసపోతాం, ఎంత పెంచితే అంత స్పష్టం అనుకుంటాం. బొమ్మలో లేని స్పష్టతని టీవీ ఎక్కడి నుంచి తెస్తుంది చెప్పు? ప్రతి అంచు పక్కనా ఒక తెల్ల గీత గీసి, స్పష్టంగా ఉందని భ్రమ పెడుతుంది. నమ్మకపోతే ఆటలో నీ హీరోని ఆకాశం వెనకుండేలా కొండ అంచున నిలబెట్టు. ఏమీ ఆడకు, అలాగే వదిలెయ్. భుజాల చుట్టూ, జుట్టు చుట్టూ కత్తెరతో కోసి అతికించినట్టు తెల్లటి అంచు కనిపిస్తుంది. ఇప్పుడు షార్ప్‌నెస్ ఒక్కొక్క అంకె తగ్గించుకుంటూ రా. ఆ అంచు పలచబడి పలచబడి ఒక దగ్గర మాయమవుతుంది. అక్కడ ఆగు. కొన్ని టీవీల్లో అది సున్నా, కొన్నింటిలో పది దరిదాపులు. సోనీలో మాత్రం 50 అంటే ఏమీ కలపనట్టు, అంతకంటే తగ్గిస్తే మెత్తబడిపోతుంది. తగ్గించగానే బొమ్మ మసకబారినట్టుంటుంది, కాసేపాగు. ఆకులో ఈనెలు, చొక్కా మీద నేత కనపడడం మొదలవుతుంది. ఆట చేసినవాళ్లు అంత శ్రమపడి గీసింది అదే కదా, దాని మీద టీవీ గీతలెందుకు?

అదే వరసలో నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్ కూడా ఆపెయ్. ఎకో మోడ్, గదిలో వెలుతురుని బట్టి కాంతి మార్చే సెన్సర్ కూడా ఆటకి పనికిరావు. రాత్రి లైటు తీసి కూర్చోగానే తెర డీలా పడిపోతుంది దాంతో. కరెంటు బిల్లు దిగులైతే సీరియల్ పోర్టుకి ఎకో ఉండనీ, ఎవరొద్దన్నారు?

ఇంక, నీ చేతులు నెమ్మదిగా ఉన్నాయని అనుకుంటున్నావే, ఆ సంగతి చూద్దాం. మా పిన్ని కూతురు ఇలాగే క్రికెట్ ఆటలో వచ్చిన ప్రతి బంతికీ ఆలస్యంగా బ్యాటు ఊపి బౌల్డ్ అయిపోతూ, ఈ వయసులో నాకెందుకొచ్చిన ఆటలక్కా అని కంట్రోలర్ పక్కన పడేసింది. పక్కన కూర్చుని చూస్తే తెలిసిపోయింది, దాని వేలు బటన్ మీద పడడానికీ తెర మీద బ్యాటు కదలడానికీ మధ్య చిన్న ఖాళీ ఉంది. టీవీ ప్రతి ఫ్రేముకీ మెరుగులు దిద్ది గానీ చూపించదు. ఆ దిద్దుబాట్లన్నీ నడుస్తుంటే కొన్ని టీవీల్లో సెకనులో పదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. పదో వంతే కదా అనకు, సెకనుకి 60 ఫ్రేముల ఆటలో అది ఆరు ఫ్రేములు. నూట నలభై కిలోమీటర్ల వేగంతో వేసిన నిజం బంతి ఆ కాస్తలో దగ్గర దగ్గర నాలుగు మీటర్లు వచ్చేస్తుంది! పిక్చర్ మోడ్‌లో 'గేమ్' పెట్టాం. దిద్దుబాట్లు చాలావరకు ఆగిపోయాయి, బ్యాటు వేలితోపాటే కదిలింది. దాని మొహం చూడాలి అప్పుడు.

కాబట్టి గేమ్ మోడ్ పెట్టాల్సిందే, ఇందులో బేరాల్లేవు. కొత్త టీవీలు కన్సోల్ ఆన్ అవగానే తమంతట తామే ఆ మోడ్‌లోకి వెళ్తాయి, ఏఎల్ఎల్ఎం అని రాసి ఉంటే అదే. గేమ్ మోడ్‌లో రంగులు కాస్త చప్పగా ఉన్నాయని చాలామంది తీసేస్తారు. తీసెయ్యక్కర్లేదు, ఇందాక చెప్పిన వార్మ్, షార్ప్‌నెస్ ఈ మోడ్‌లోకి వచ్చాక మళ్లీ సరిచేసుకోవచ్చు. ప్రతి మోడ్‌కీ దాని అంకెలు దానికుంటాయి, అందుకని ముందు మోడ్ ఎంచుకుని తర్వాతే మిగతావి దిద్దుకో. కదలికని నున్నగా చేసే సెట్టింగు కూడా, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, దీనికి అడ్డమే, లేని ఫ్రేముల్ని మధ్యలో కల్పించి పెడుతుంది కాబట్టి ఆలస్యం పెంచుతుంది. సినిమా చూసేటప్పుడైనా దాన్ని ఆపెయ్యండి బాబూ అని 2018లో టామ్ క్రూజ్ స్వయంగా వీడియో చేసి పెట్టాడు. సినిమాకే వద్దంటే ఇంక ఆట సంగతేం చెప్పను?

చీకటి గదిలో ఏమీ కనపడట్లేదన్నావు కదా. దానికి రెండు కారణాలుంటాయి. మొదటిది బ్రైట్‌నెస్. చాలా టీవీల్లో ఆ పేరున్న అంకె నలుపు ఎంత నల్లగా ఉండాలో చూస్తుంది, తెర వెలుగుకి బ్యాక్‌లైట్ వేరే ఉంటుంది. సోనీలో ఆ పేరు వెలుగుకే పెట్టారు, నలుపుకి 'బ్లాక్ లెవెల్' అని విడిగా ఉంది. పేరు ఏదైనా కానీ, ఆట మొదట్లో ఈ గుర్తు కనపడీ కనపడనట్టు ఉండాలి అని ఒక పేజీ వస్తుంది చూడు, ఆత్రంగా దాటెయ్యకుండా అక్కడ నిలబడు. ఆ పని నువ్వు రోజూ ఆడుకునే వేళలోనే చెయ్యి. పట్టపగలు కర్టెన్లు తీసి దిద్దితే రాత్రికి అంతా తప్పుతుంది.

రెండోది కొంచెం లోపలి విషయం, కానీ కష్టమేం కాదు. నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లని రెండు రకాలుగా లెక్కపెడతారు. 'ఫుల్'లో 0 నుంచి 255 దాకా, 'లిమిటెడ్'లో 16 నుంచి 235 దాకా. కన్సోల్ ఫుల్‌లో పంపి, టీవీ లిమిటెడ్ అనుకుందనుకో, నీడలో ఉన్నవన్నీ ఒకే నల్లటి ముద్ద అయిపోతాయి. అటుదిటైతే నలుపు బూడిద రంగుకి తిరిగి తెరంతా పొగ పట్టినట్టుంటుంది. కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్, టీవీలో బ్లాక్ లెవెల్, రెండూ 'ఆటో'లో పెట్టి చూడు. అప్పటికీ తేడా ఉంటే రెండింటినీ లిమిటెడ్‌కి మార్చు. శాంసంగ్, ఎల్‌జీల్లో 'లో' అంటే అదే. రెండూ ఒకే మాట మీద ఉండాలి, ఏ మాటన్నది పెద్ద పట్టింపు కాదు.

స్కోరు తెగిపోవడం అయితే నిమిషం పని. పాత రోజుల ప్రసారాల్లో అంచులు శుభ్రంగా ఉండేవి కావని టీవీలు బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేసేవి. ఆ అలవాటు ఇంకా వదల్లేదు. కోతతోపాటు బొమ్మంతా సాగుతుంది కాబట్టి మసక కూడా. పిక్చర్ సైజు దగ్గర ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్', సోనీలో 'ఫుల్ పిక్సెల్' పెట్టు. కన్సోల్‌లో కూడా డిస్‌ప్లే ఏరియా కుదించే సెట్టింగు ఉంది, కానీ ముందు టీవీ వైపే సరిచెయ్యి. అక్కడ సాగదీసి ఇక్కడ కుదిస్తే చుక్కకి చుక్క కలవదు.

హెచ్‌డీఆర్ గురించి నిజం చెప్పనా? టీవీ పెట్టె మీద ఆ అక్షరాలున్నంత మాత్రాన తెరకి అంత వెలుగు ఉంటుందని కాదు. తక్కువ ధర టీవీల్లో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ మెరిసే బదులు చీకటిగా అవుతుంది. పీఎస్5లో 'అడ్జస్ట్ హెచ్‌డీఆర్' అని వరసగా మూడు తెరలొస్తాయి, ఎక్స్‌బాక్స్‌లో కూడా అలాంటిదే ఉంది. గుర్తు మాయమయ్యే హద్దు దాకా ఓపిగ్గా దిద్దు. హెచ్‌డీఆర్‌ని 'ఆన్ వెన్ సపోర్టెడ్'లో పెట్టు, లేకపోతే మామూలు ఆటల్ని కూడా బలవంతంగా హెచ్‌డీఆర్‌లోకి మార్చి పాలిపోయేట్టు చేస్తుంది. ఇవన్నీ చేసినా నచ్చలేదా? నిక్షేపంగా ఆపెయ్. మామూలు బొమ్మ చక్కగా దిద్దుకుంటే దానికి వంక పెట్టక్కర్లేదు. వీఆర్ఆర్ అంటావా, అంటే ఆట ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర తన వేగం మార్చుకోవడం, అది పీఎస్5కి 2022లో అప్‌డేట్‌తో వచ్చింది. టీవీలో ఉంటే ఆన్ చేసి మర్చిపో, బొమ్మ చిరిగినట్టు కనపడడం తగ్గుతుంది.

ఇక ఆట లోపల కూడా ఒక ఎంపిక మన చేతిలో ఉంటుంది. 'క్వాలిటీ' పెడితే బొమ్మ వివరంగా, సాధారణంగా సెకనుకి 30 ఫ్రేములతో వస్తుంది. 'పర్‌ఫార్మెన్స్' పెడితే వివరం కాస్త తగ్గి 60 ఫ్రేములు వస్తాయి. క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల పందేలు అయితే రెండోదే మేలు. ఊరూరా తిరుగుతూ కొండలూ కోటలూ చూసే ఆటకి మొదటిది. నన్నడిగితే దాదాపు అన్నిటికీ పర్‌ఫార్మెన్సే పెట్టుకోమంటాను, కదలికలో పోయే వివరం ఆగి చూసేటప్పుడు దొరికే వివరం కంటే పెద్ద నష్టం. అక్కడే సబ్‌టైటిళ్ల సైజు కూడా పెద్దది చేసుకో. సోఫాలోంచి కళ్లు చికిలించి చదవడం ఎందుకు? తలనొప్పి వస్తే ఆటని తప్పుపడతారు అందరూ.

గది మాట మర్చిపోకు. మన ఇళ్లలో వంటింట్లోంచీ డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచీ కూడా కనపడాలని టీవీని గోడకి ఎత్తుగా కొట్టేస్తాం, ఎదురు గోడకి ట్యూబ్ లైటు. ఆ లైటు తెర మీద తెల్లటి గీతలా పడి, కష్టపడి దిద్దిన నలుపంతా పోతుంది. ఆడుకునేటప్పుడు అది తీసేసి, టీవీ వెనకో పక్కనో చిన్న దీపం వేసుకో, కళ్లకీ సుఖం. కొన్ని తెరల్ని పక్క నుంచో కింద నుంచో చూస్తే రంగు వెలిసిపోతుంది, తెరకి ఎదురుగా కుర్చీ వేసుకో. యాభై అయిదు అంగుళాల టీవీకి ఏడడుగులు చాలు, పన్నెండు అడుగుల దూరంలో గోడకానుకుని కూర్చుంటే 4కె కొన్న సుఖం సగం పోతుంది. అన్నట్టు తెర తుడవడానికి గ్లాసు తుడిచే ద్రావకం కొట్టకు తల్లీ, పై పూత దెబ్బతింటుంది. టీవీ ఆపి, మెత్తటి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు, అంతే.

అటక మీది పాత కాసెట్ గేము దింపి, పెద్ద 4కె టీవీకి తగిలించి, చిన్నప్పటి బొమ్మ రాలేదని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ ఆటలు ఇంత తెర కోసం గీసినవి కావు, లావుపాటి పాత టీవీల కోసం గీసినవి. సాగదీయకుండా 4:3లో పెట్టుకో, మనుషులు కనీసం పొట్టిగా లావుగా మారరు. చవకరకం కన్వర్టర్ డబ్బాలు ఆ పసుపు పిన్ను బొమ్మనే హెచ్‌డీఎంఐలోకి తోస్తాయి తప్ప బాగు చెయ్యవు. రెట్రోటింక్ లాంటి మంచి పరికరాలున్నాయి, కానీ ఖరీదు. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా పాత డబ్బా టీవీ పనిచేస్తూ మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకో. ఆ ఆటలకి దాన్ని మించింది లేదు.

ఇదంతా చేశాక వారం రోజులు ఆడు. అప్పటికీ తృప్తి లేకపోతే, అప్పుడు కొత్త టీవీ గురించి నిశ్చింతగా ఆలోచిద్దాం, నేనూ వస్తాను నీతో. షాపుకి వెళ్లేటప్పుడు ఇంట్లో ఎదురుగా కూర్చునే దూరం కొలిచి రాసుకో. తెర నిజంగా 120 హెర్ట్జ్‌దేనా, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులు ఎన్ని, వీఆర్ఆర్ ఉందా అని అడుగు. ఓఎల్ఈడీ చూపిస్తే నలుపు మహా అందంగా ఉంటుంది, కానీ ఒకే ఆట రోజూ గంటల తరబడి ఆడే మనిషివైతే స్కోరు బోర్డు ముద్ర తెర మీద మిగిలిపోయే అవకాశం ఉందని గుర్తు పెట్టుకో. షాపతను పెట్టిన చేపలూ పూలూ ఉన్న వీడియో చూసి మురిసిపోకు. రిమోట్ అడిగి తీసుకుని, గేమ్ మోడ్ పెట్టించి, వీలైతే కన్సోల్ తగిలించమని, అప్పుడు చూడు.